అమెరికా హ్యాంగర్‌లో కొత్తగా చేరేవాళ్లకు

ఇండియాలో డీజీసీఏ (అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్స్ మీద విమానాల మెయింటెనెన్స్‌లో బి1.1 ఇంజినీర్లుగా (టర్బైన్ విమానాల మెకానికల్ పని) చేసి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "అన్నా, ఆ లైసెన్స్ ఇక్కడ చెల్లుతుందా?" నేరుగా చెల్లదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ ఇచ్చే ఎ అండ్ పి మెకానిక్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అందులో ఎయిర్‌ఫ్రేమ్ (విమానం బాడీ), పవర్‌ప్లాంట్ (ఇంజిన్) అని రెండు రేటింగులే. మనకున్నట్టు బి1 (మెకానికల్), బి2 (ఏవియానిక్స్) అనే విభజన లేదు. అయితే అక్కడ చేసిన పని వృథా పోదు. రెండింటికీ కలిపి 30 నెలల అనుభవానికి కాగితాలు చూపించి, స్థానిక ఎఫ్ఏఏ ఆఫీసును (అందరూ ఫిజ్‌డో అంటారు) ఒప్పించగలిగితే పరీక్షలకు అనుమతిస్తారు. కాబట్టి బయలుదేరే ముందే పాత కంపెనీ నుంచి ఏ విమానం మీద, ఏ పని, ఏ నెల నుంచి ఏ నెల దాకా చేశారో విడివిడిగా రాయించుకోండి. "కష్టపడి పనిచేశాడు" అనే ఉత్తరం ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

పదాల గురించి టెన్షన్ వద్దు, సగానికి సగం మీకు వచ్చినవే. ఏటీఏ చాప్టర్లు, అంటే మాన్యువల్‌లో విమానంలోని ఒక్కో సిస్టమ్‌కి ఇచ్చే నంబర్లు, మారవు. శంషాబాద్‌లో 32 అంటే ల్యాండింగ్ గేర్, డాలస్‌లోనూ అంతే. లాక్‌వైర్‌ని సేఫ్టీ వైర్ అంటారు, స్పానర్ కాస్తా రెంచ్ అవుతుంది, సీఆర్ఎస్ (పని అయ్యాక విమానాన్ని సర్వీసుకు వదిలే సర్టిఫికెట్) బదులు రిటర్న్ టు సర్వీస్ వినిపిస్తుంది. కొన్నాళ్లకు అవే అలవాటవుతాయి.

నాకు భయం టార్క్ (బోల్టును తిప్పి బిగించే బలం) దగ్గర. న్యూటన్ మీటర్లకు అలవాటుపడినవాళ్లకు ఇక్కడ ఇంచ్ పౌండ్లు, ఫుట్ పౌండ్లు రెండూ ఎదురవుతాయి. ఒక ఫుట్ పౌండ్ అంటే 12 ఇంచ్ పౌండ్లు. మాన్యువల్‌లో 40 ఇంచ్ పౌండ్లు అని ఉంటే, 40 అన్న అంకె మాత్రం చూసి ఫుట్ పౌండ్ల రెంచ్ అందుకుంటే బోల్టు మీద పన్నెండింతల బలం పడుతుంది. తెగితే కనీసం తెలుస్తుంది. తెగకుండా సాగిపోయి లోపలే ఉండిపోతే ఎవరికీ తెలియదు. అంకెతో పాటు యూనిట్ కూడా పైకి చదివాకే రెంచ్ సెట్ చేయండి.

ఇక షిఫ్ట్ టర్నోవర్, అంటే ఒక షిఫ్ట్ పనిని తర్వాతి షిఫ్ట్‌కి అప్పగించడం. 1991 సెప్టెంబర్ 11న టెక్సస్‌లో ఈగిల్ లేక్ దగ్గర ఒక ఎంబ్రేయర్ 120 విమానం గాల్లోనే విరిగి కూలింది. అందులో ఉన్న 14 మందీ చనిపోయారు. ముందు రాత్రి డీఐస్ బూట్ (మంచును వదిలించే రబ్బరు తొడుగు) మార్చే పనిలో, తోక మీది హారిజాంటల్ స్టెబిలైజర్‌కి (అడ్డంగా ఉండే చిన్న రెక్క) ఎడమ పక్క లీడింగ్ ఎడ్జ్ (ముందు అంచు) పైవరస 47 స్క్రూలు తీశారు. ఇంతలో షిఫ్ట్ మారింది. స్క్రూలు తీసిన సంగతి వర్క్ కార్డు మీదికి ఎక్కలేదు. తర్వాత వచ్చినవాళ్లు కుడి పక్క పని ముగించారు, ఎడమ పక్క స్క్రూలు లేవని వాళ్లకు తెలియదు. తోక అంత ఎత్తున ఉంటే కింద నిలబడి చూసినవాళ్లకు పైవరస కనపడదు కదా!

అందుకని "వర్క్ ఇన్ ప్రోగ్రెస్" అని రాసేసి ఇంటికి వెళ్లకండి. ఏం బిగించారో ఎలాగూ రాస్తారు, ఏం విప్పి వదిలేశారో ముందు రాయండి: ఏ పక్క, ఎన్ని స్క్రూలు, అవి ఏ సంచిలో ఉన్నాయి, ట్యాగ్ ఎక్కడ కట్టారు. వచ్చినవాళ్లను విమానం దగ్గరికి తీసుకెళ్లి వేలు పెట్టి చూపించండి. పది నిమిషాలు ఆలస్యమైతే అయింది.

మనవాళ్లకు ఇంకో అలవాటు ఉంది. లీడ్ మెకానిక్ గబగబా ఏదో చెబితే, మళ్లీ అడిగితే పని రాదనుకుంటారేమోనని తల ఊపేస్తాం. హ్యాంగర్‌లో ఆ మొహమాటం అస్సలు వద్దు. "నంబర్ 2 ఇంజిన్, ఎడమ కౌల్ ఒక్కటే తెరవాలి, అంతేనా?" అని విన్నది తిరిగి చెప్పండి. నేనైతే అలా అడిగే కుర్రాళ్ల పక్కనే పనిచేయడానికి ఇష్టపడతాను.

ఎ అండ్ పికి రాత పరీక్షలు మూడు: జనరల్, ఎయిర్‌ఫ్రేమ్, పవర్‌ప్లాంట్. ఒక్కోదానిలో 70 శాతం రావాలి. ఆ తర్వాత ఓరల్, ప్రాక్టికల్. వీటిని పెట్టే డీఎంఈల (ఎఫ్ఏఏ నియమించిన పరీక్షకులు) ఫీజు ఒక్కొక్కరిదీ ఒక్కోలా ఉంటుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఓరల్‌కి వెళ్లేముందు ఎఫ్ఏఏ మెయింటెనెన్స్ నిబంధనలు పార్ట్ 43లో 43.9 తప్పకుండా చదవండి. లాగ్‌బుక్‌లో పని వివరం, పూర్తయిన తేదీ, సంతకం, సర్టిఫికెట్ నంబర్, దాని రకం ఎలా రాయాలో అక్కడే ఉంది.