సిగ్నల్ దగ్గర ఆగిపోయే బండి

ప్రశ్న: అన్నగారూ, మాది 2006 నాటి పెట్రోల్ కారు. రోజూ మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు మీదుగా ఆఫీసుకు వెళ్తాను. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయగానే ఇంజన్ వణికి ఆగిపోతోంది. ఏసీ వేస్తే మరీను. ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్ మార్చినా తగ్గలేదు. ఐడిల్ వాల్వు మార్చాలంటున్నారు. వెనక హారన్లు మోగుతుంటే టెన్షన్‌గా ఉంటోంది. మార్పించమంటారా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అప్పుడే మార్పించకండమ్మా, ముందు శుభ్రం చేయించండి. నా కె.ఆర్. పురం షెడ్డుకు ఇదే కంప్లయింట్‌తో వచ్చే పాత బండ్లలో ఎక్కువ వాటికి మసి తీస్తేనే సరిపోతోంది.

కాలు తీసినప్పుడు ఇంజన్‌కు గాలి వెళ్లే థ్రాటిల్ పలక మూసుకుంటుంది. అయినా ఇంజన్ నడవాలంటే కాస్త గాలి కావాలి. అది పలక పక్కనున్న సన్నటి దారిలోంచి వస్తుంది. ఆ దారిని అవసరాన్ని బట్టి తెరిచి మూసేదే ఈ వాల్వు. ఏసీ వేస్తే కంప్రెసర్ బరువు ఇంజన్ మీద పడుతుంది, అప్పుడు ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ దారిని ఇంకాస్త తెరవమంటుంది. వాల్వు లోపల కదిలే మొన మసికి బిగుసుకుపోతే అది కదలదు. మీ బండి ఏసీతో ఎక్కువ ఆగిపోతోందంటే నా అనుమానం అక్కడే.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా బండ్లలో మొదట వెయ్యి దాటి, ఇంజన్ వేడెక్కాక 800 దగ్గరకు దిగుతుంది. అప్పుడు ఏసీ వేస్తే ముల్లు కాస్త పడి వెంటనే లేవాలి. లేవకపోతే వాల్వు విప్పించండి. ముల్లు ఎప్పుడూ పైనే ఉంటే మాత్రం వాక్యూమ్ పైపులు (ఇంజన్ గాలి దారికి తగిలించిన సన్నటి రబ్బరు పైపులు) చూడమనండి, పాత రబ్బరు పగిలి గాలి పీలుస్తుంటుంది.

విప్పే ముందు బ్యాటరీ నెగెటివ్ తీయాలి. థ్రాటిల్ బాడీ క్లీనర్ కొట్టి మెత్తటి బ్రష్‌తో మసి తీయాలి, వాల్వును కదిపే చిన్న మోటారు వైపు తడవకూడదు. మొనను వేలితో నొక్కనివ్వకండి. కొత్తలో నేను అలా నొక్కి లోపలి మర పాడుచేశాను. పాపం ఆ బండాయనకు నా చేతి డబ్బుతో కొత్త వాల్వు వేయించాను. ఆ పలక ఉండే థ్రాటిల్ బాడీ కూడా అప్పుడే తుడిపించండి. వాల్వు రబ్బరు రింగు గట్టిపడితే కొత్తది వేయాలి, జె.సి. రోడ్డులో దొరుకుతుంది.

ఒక్క పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. పలక ఎంతవరకు మూసుకోవాలో ఆపే థ్రాటిల్ స్టాప్ స్క్రూ బిగించి ఐడ్లింగ్ పెంచుతామంటారు. ఆ రోజుకు బండి ఆగదు, కానీ పలక మూసుకుందో లేదో కంప్యూటర్‌కు తెలియక లెక్క తప్పుతుంది.

బిగించాక ఏసీ ఆపి, ఇంజన్ వేడెక్కేదాకా ఐడ్లింగ్‌లో వదిలేయండి. కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవాలి కాబట్టి మొదటి రోజు కొంచెం ఎగుడుదిగుడుగా నడవచ్చు. ఆ తర్వాతా ఆగిపోతుంటే బండి కంప్యూటర్‌కు స్కానర్ పెట్టి వాల్వును తెరిపించి మూయించి చూడమనండి. వైరింగ్ బాగున్నా కదలకపోతే, అప్పుడు మార్పించండమ్మా.