స్కీలు అటకెక్కించే ముందు

చిరంజీవి మనవడికి, చిన్నతాత ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మోకాలి లిగమెంటుకు ఆపరేషన్ అయిందనీ, ఇరవై ఆరేళ్లకే పోటీలు చాలించి వచ్చే శీతకాలం నుంచి ఉత్తరాఖండ్‌లోని ఔలీలో పిల్లలకు స్కీయింగ్ కోచ్‌గా చేరతాననీ రాశావు. చేరు, కాదనను. కానీ ఒక్క సీజను ఆగు. ఆ సీజనంతా గేటు జడ్జిగా, అంటే రేసర్లు వాలు మీద పాతిన కర్రల గేట్లను సరిగ్గా దాటారో లేదో చూసి రాసేవాడిగా, నిలబడు. నిన్నటిదాకా బిబ్ (నంబరు గుడ్డ) కట్టుకుని గేట్ల మధ్య దూసుకెళ్లినవాణ్ణి, చేతిలో కార్డు పట్టుకుని మంచులో పక్కన నిలబడమంటున్నాడేమిటి ఈ ముసలాయన అనుకుంటావు. నేనూ ఒకప్పుడు అలాగే మూతి ముడిచాను.

నా సంగతి నీకు సగమే తెలుసు. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరిచెట్లు ఎక్కుతూ పెరిగినవాణ్ణి. సైన్యంలో చేరాక గుల్మార్గ్‌లోని హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూలుకు కోర్సు కోసం పంపారు. 2,650 మీటర్ల ఎత్తు, నడుంలోతు మంచు. మొదటి వారం నేను జారిన దూరం కంటే పొర్లిన దూరమే ఎక్కువ. తరవాత పోటీలు, ఆపైన కోచింగ్, చివరికి అధికారిగా పని. ఈ మూడూ నేను తలకిందుల వరసలో నేర్చుకున్నాను. నువ్వయినా తిన్నగా నేర్చుకోవాలని ఈ ఉత్తరం.

గేటు జడ్జిగా నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. గుల్మార్గ్‌లోని కొంగ్డూరి వాలు మీద స్లాలమ్, అంటే గేట్ల మధ్య మలుపులు తిప్పుతూ దిగే పోటీ, జరుగుతోంది. నాకు నాలుగు గేట్లు అప్పగించారు. నియమం నీకు తెలిసిందే: రెండు స్కీల ముందు కొసలూ, రెండు పాదాలూ గేటు గీత దాటాలి. కొస ఒకటి కర్రకు అవతలి పక్కన పడితే ఆ పరుగు చెల్లదు. ఒక కుర్రాడు వచ్చాడు. ఎండ నా కళ్లలోకి కొడుతోంది, మంచుపొడి లేచింది, కర్ర వంగి మళ్లీ లేచింది. ఎడమ స్కీ అవతలి పక్కన పడ్డట్టు అనిపించింది. బిబ్ నంబరు, గేటు నంబరు వేసి, స్కీ ఎలా పోయిందో బొమ్మ గీసి ఇచ్చేశాను. చెల్లనివాళ్ల జాబితా బోర్డు మీద పెట్టగానే కుర్రాడి కోచ్ ఫిర్యాదు తెచ్చాడు. దానికి గడువు పదిహేను నిమిషాలే కదా.

జ్యూరీ పిలిచేలోపు నాకెందుకో అనుమానం పీకింది. పైకెక్కి ఆ గేటు దగ్గర వంగి చూశాను. స్కీలు అడ్డంగా పెట్టి జారుతూ వాలును చదును చేసేవాళ్లు అప్పటికే పైనుంచి దిగుతున్నారు. వాళ్లు ఇంకో రెండు నిమిషాలు ముందొస్తే సాక్ష్యం మాయమయ్యేది. మంచు మీద రెండు గీతలూ కర్రకు సరైన పక్కనే ఉన్నాయి, పక్కపక్కనే, అరచెయ్యి ఎడంతో. నేను చూసి రాయలేదు, ఊహించి రాశాను. వెళ్లి జ్యూరీకి అదే చెప్పాను. కుర్రాడి పరుగు చెల్లింది. ఆ కోచ్ నన్ను తిట్టలేదు. "చూశారా, అనుకున్నారా?" అని మాత్రం అడిగాడు. ఖాయంగా చూస్తే తప్ప తప్పు రాయకూడదని నియమావళిలో ఉంది. దాన్ని నేను చదివి పరీక్ష కూడా రాశాను మరి!

జడ్జి పని చేస్తే కోచింగ్‌కు ఏం ఒరుగుతుందంటావా? కోచ్ కళ్లు తన పిల్లవాడి వెంటే పరుగెడతాయి. జడ్జి ఒకేచోట నిలబడి, అదే మలుపులో డెబ్బై ఎనభై మందిని చూస్తాడు. మలుపును కర్రకు పైనే మొదలుపెట్టేవాడెవడు, కర్ర దగ్గరికొచ్చాక ఉలిక్కిపడేవాడెవడు, మొదటివాళ్లు నున్నటి మంచు మీద వెళ్లిపోతే నలభయ్యోవాడు ముందువాళ్ల స్కీలు కోసిన గాడుల్లో పడి ఏం చేస్తాడు, అన్నీ కనిపిస్తాయి. పట్టుగా పది పోటీలు నిలబడితే, ఫలానావాడు నా గేట్లు దాటి ఇంకో రెండు గేట్లకు పడతాడని ముందే చెప్పగలుగుతావు. ఆ చూపు నాకు పన్నెండేళ్ల పోటీల్లో రాలేదు, రెండు సీజన్ల నిలబడడంలో వచ్చింది.

తరవాత వాలు తయారుచేసే జట్టులో చేరు. ఇది మోటు పని, పార పని. మార్చి ఎండకు మంచు మెత్తబడ్డప్పుడు తెల్లవారకముందే లేచి ఉప్పు చల్లాలి. చిన్నప్పుడు మన ఊరికి వచ్చే ఐస్‌క్రీం బండివాడు కొయ్య పీపాలో ఐసు ముక్కల మీద రాళ్ల ఉప్పు పోసేవాడు, గుర్తుందని మీ తాత కూడా చెబుతాడు. ఇక్కడా అదే కిటుకు. ఉప్పు పైపొరను కరిగిస్తూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, దాంతో కింది తడి గట్టిపడుతుంది. చేతి విసురు సమంగా ఉండాలి, విత్తనాలు చల్లినట్టు. మంచులో తడి లేకపోతే ఉప్పు దండగ. చల్లిన కొన్ని గంటలకే ఆ గట్టితనం పోతుంది కాబట్టి పోటీ ఎన్ని గంటలకో చూసుకుని చల్లాలి. ఒకసారి మేం తొందరపడి ముందే చల్లేశాం. రెండో పరుగుకు వాలు ఉప్మాలా తయారైంది.

ఇక కోచ్‌వి అయ్యాక. పిల్లల్ని మొదటి రోజే గేట్లలోకి తోయకు. గేట్లు లేకుండా, అంచుల మీద నిలబడి అడ్డంగా జారడం రావాలి ముందు. స్కీల అంచులకు ఆకురాయి పట్టడం, మైనం పూయడం వాళ్ల చేతే చేయించు. వాళ్ల నాన్నల చేత కాదు.

అంతర్జాతీయ స్కీ సమాఖ్య ర్యాంకుల జాబితాకు వేసే పాయింట్ల లెక్క కూడా వాళ్లకు కూర్చోబెట్టి చెప్పు, ఎందుకంటే అది తెలియకే చాలామంది పాడవుతున్నారు. స్లాలమ్ లెక్కలో వాడే అంకె 730. గెలిచినవాడు రెండు పరుగులూ కలిపి 100 సెకన్లలో ముగించి, నీ పిల్లవాడు 108 సెకన్లు తీసుకుంటే, తేడా 8ని 100తో భాగించి 730తో గుణిస్తే 58.40 పాయింట్లు. దానికి ఆ పోటీ పెనాల్టీ, అంటే పోటీదారుల స్థాయిని బట్టి వేసే అదనపు పాయింట్లు, కలుస్తుంది. పాయింట్లు ఎంత తక్కువైతే అంత మంచిది. జాబితాలో లెక్కకొచ్చేది రెండు మంచి ఫలితాల సగటు. అంటే ఒక్కసారి తెగించి గెలిస్తే చాలదు, రెండుసార్లు కిందిదాకా చేరాలి. 2022లో బీజింగ్ ఒలింపిక్స్ జెయంట్ స్లాలమ్ (గేట్లు ఇంకా ఎడంగా ఉండే స్లాలమ్) రోజున మంచు ధారాళంగా కురిసింది, చాలామంది రేసర్లు ముగింపు గీత చేరలేదు. గుల్మార్గ్ కుర్రాడు ఆరిఫ్ ఖాన్ రెండు పరుగులూ పూర్తిచేసి 45వ స్థానంలో నిలిచాడు. ఆ రోజు మన ఇంట్లో టీవీ ముందు నేను లేచి నిలబడ్డాను. పతకం రాలేదుగా అన్నాడు మీ మామయ్య. వాడితో ఆ పూట మాట్లాడలేదు.

బతుకుతెరువు మాట. ఇది మూడు నెలల మంచు, పన్నెండు నెలల కడుపు. సైన్యమో, ఐటీబీపీయో (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు), పర్యాటక శాఖో, ఏదో ఒక కొలువు చేతిలో ఉంచుకో. క్రీడా సమాఖ్యల గొడవల్లో తల దూర్చకు. నేను దూర్చి నాలుగేళ్లు పోగొట్టుకున్నాను, వివరాలు ఇక్కడ అనవసరం. మోకాలి విషయం డాక్టరు చెప్పినట్టు చెయ్యి, నా మాట కంటే ఆయన మాట విను.

అన్నట్టు, కర్రలు పాతి వాటి మధ్య మలుపులు తిప్పే నేటి స్లాలమ్‌ను 1922లో స్విట్జర్లాండ్‌లోని ముర్రెన్‌లో మొదలుపెట్టిన ఆర్నాల్డ్ లన్ పుట్టింది ఎక్కడనుకున్నావు? మద్రాసులో, 1888లో. మన సముద్రపుగాలి పడ్డ మనిషే. తీరం నుంచి వచ్చినవాడికి మంచుతో ఏం పని అని నన్ను ఎవరు వెక్కిరించినా ఈ ముక్క అప్పజెప్పేవాణ్ణి.

ఫిబ్రవరిలో పోటీలకు గేటు జడ్జిల జాబితా వేస్తున్నారు. నీ పేరు ఇమ్మంటావా? కార్డు వాళ్లే ఇస్తారు. రెండు పెన్సిళ్లు నువ్వు తెచ్చుకో. ఆ చలికి పెన్నులో సిరా గడ్డకడుతుంది.

మీ అమ్మకు నా ఆశీస్సులు చెప్పు.

చిన్నతాత