టెక్ సందేహాలు: బ్రోగ్ ముందా, షాటర్డ్ పిక్సెల్ డంజన్ ముందా?

ప్రశ్న: ‘బ్రోగ్’, ‘షాటర్డ్ పిక్సెల్ డంజన్’ రెండూ బాగుంటాయంటున్నారు. ఏది ముందు ఆడాలి? రెండోది ఆండ్రాయిడ్ ఫోన్‌లో మొదలుపెట్టాను. ఐదో అంతస్తులో చచ్చిపోవడం, మళ్లీ మొదటికి రావడం, ఇదే వరస. ఫ్రెండ్ ఒకరు అన్‌లిమిటెడ్ హెల్త్ ఉన్న మోడ్ ఏపీకే (ఎవరో మార్చిన యాప్ ఇన్‌స్టాల్ ఫైల్) పంపారు. నొక్కితే ‘యాప్ ఇన్‌స్టాల్ కాలేదు’ అంటోంది. ఎలా?

జవాబు: ముందు ఆ ఏపీకేని డిలీట్ చేసి రండి. ఆటల సంగతి తర్వాత.

చేశారా? ఈ రెండూ 1980లో వచ్చిన ‘రోగ్’ వంశం ఆటలే. రెండింటిలోనూ 26వ అంతస్తులో ఉన్న యెండోర్ తాయెత్తు కోసమే దిగుతాం. చనిపోతే ఆ ఆట అంతటితో సరి. మళ్లీ మొదలుపెడితే గదులు, దారులు, వస్తువులు అన్నీ మారిపోతాయి. పోలిక దాదాపు అంతవరకే.

బ్రోగ్‌లో శత్రువుని చంపినందుకు పాయింట్లేమీ రావు. అందుకే తప్పించుకు వెళ్లడం కూడా మంచి ఆటే. దొరికిన ఎన్‌చాంట్ స్క్రోల్స్‌ని (వస్తువు బలం పెంచే మంత్రపత్రాలని) ఏ వస్తువు మీద పెట్టారన్నదే మీ బలాన్ని తేలుస్తుంది. సంకెళ్లలో ఉన్న బందీని విడిపిస్తే తోడుగా వస్తుంది. బురద నేలల మీద మీథేన్ పేరుకుని ఉంటుంది, అక్కడ నిప్పు పుట్టిందంటే పేలుడే. నాకు బాగా నచ్చింది మాత్రం రీప్లే. ఆట వీడియో తీసిపెట్టదు. డంజన్ సీడ్ నంబరు (ఆ గదులు, దారులు ఏ నంబరు నుంచి పుట్టాయో అది), మీరు నొక్కిన కీలు మాత్రం దాచుకుని, వాటితోనే ఆటంతా మళ్లీ నడిపి చూపిస్తుంది. ఎక్కడ తొందరపడ్డామో కళ్లకు కడుతుంది.

షాటర్డ్‌ని ఇవాన్ డెబెనమ్ 2014 నుంచి, అంతకుముందు ఉన్న ‘పిక్సెల్ డంజన్’ సోర్స్ కోడ్ మీద కట్టుకుంటూ వస్తున్నారు. ప్రతి ఐదు అంతస్తులకూ ఒక బాస్. మీరు ఆగిపోతున్నది మొదటి బాస్ ‘గూ’ దగ్గర. అది ఉబ్బడం మొదలుపెట్టగానే దూరంగా జరగండి, ఆ తర్వాత పడే దెబ్బే పెద్దది. నీళ్లలో నిలబడితే దాని ప్రాణం తిరిగి పెరుగుతుంది, కాబట్టి పొడి నేల మీదికి లాక్కొచ్చి కొట్టండి. అప్‌గ్రేడ్ స్క్రోల్స్‌ని నాలుగు వస్తువులకు పంచకుండా ఒకదాని మీదే పెట్టండి. ఫోన్‌లో ముందు ఇదే ఆడండి. కంప్యూటర్ ఉంటే బ్రోగ్ కమ్యూనిటీ ఎడిషన్ కూడా పెట్టుకోండి. ఒక్కటే ఎంచుకోమంటే నేను బ్రోగ్ అంటాను.

ఇక ఆ ఏపీకే. ఇలాంటి ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఎవరైనా యాప్‌ని మార్చితే దాని మీద అసలు డెవలపర్ డిజిటల్ సంతకం నిలవదు, తమ సంతకంతో మళ్లీ తయారుచేయాలి. సంతకం కలవని ఫైల్‌ని పాత యాప్ మీద ఎక్కించడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. మీకు కనిపించిన మెసేజ్‌కి కారణం చాలావరకు అదే. ఫోన్ మిమ్మల్ని కాపాడుతోంది. ‘పాతది అన్‌ఇన్‌స్టాల్ చెయ్’ అని సలహా ఇస్తారు. చేస్తే ఆ అడ్డు తొలగిపోతుంది, ఫోన్‌లో సేవ్ అయిన మీ ఆటా పోతుంది.

నాకు అసలు భయం ఆ తర్వాతి మెట్టు గురించి. ఇలాంటి కొన్ని యాప్‌లు తెరవగానే యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతాయి. చూపు సరిగా లేనివారికి, చేతులు కదపలేనివారికి సాయం కోసం పెట్టిన ఏర్పాటు అది. అది చేతికి వచ్చిన యాప్ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఓటీపీ వచ్చినా, బ్యాంక్ యాప్ తెరిచినా దాని కళ్ల ముందే. బయటి నుంచి తెచ్చిన యాప్‌లకు ఈ పర్మిషన్ తేలిగ్గా దొరక్కుండా ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక అడ్డు పెట్టారు. దాన్ని ఎలా తీసేయాలో చెప్పే సూచనలు ఏపీకేతో పాటే వస్తాయి! డంజన్ ఆటకి ఆ పర్మిషన్‌తో పనేంటి? పైగా ఆట మామూలుగానే నడుస్తుంది కాబట్టి అనుమానమే రాదు.

ఆండ్రాయిడ్‌లో షాటర్డ్ అధికారికంగానే ఉచితం, యాడ్స్ లేవు, ఆడటానికి నెట్ కూడా అక్కర్లేదు. ఉచితంగా దొరికేదానికి దొంగ కాపీ ఎందుకు? ఇలా మోడ్‌లు వెతికే అలవాటుకి నేను తప్పుపట్టేది యాడ్ చూస్తే బతికిస్తాం, డబ్బు కడితే బతికిస్తాం అనే ఫోన్ గేమ్‌లని. వాటికీ రోగ్‌లైక్ (‘రోగ్’ లాంటి ఆట) అనే పేరు తగిలిస్తున్నారు. చావంటే డబ్బుతోనో యాడ్‌తోనో వదిలించుకునే అడ్డంకి అని ఆటగాళ్లకి నేర్పింది అవే. బ్రోగ్‌లో తెలియని కషాయం తాగేముందు చెయ్యి ఆగుతుందంటే, పోతే అంతా పోతుంది కాబట్టే. అన్‌లిమిటెడ్ హెల్త్‌తో ఆ క్షణమే ఉండదు.

ఆ ఏపీకే ఇప్పటికే ఎక్కించి పర్మిషన్ ఇచ్చేసి ఉంటే నెట్ ఆపండి, సెటింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి దాన్ని ఆఫ్ చేసి, యాప్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చండి. ఆ ఫోన్‌లో బ్యాంక్ యాప్ ఉంటే బ్యాంకుకి చెప్పండి, ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఏపీకే పంపిన ఫ్రెండ్‌తో కూడా ఇవన్నీ చేయించండి. ఆయన ఫోన్‌లో అది ఇప్పటికీ ఉండి ఉంటుంది.