తెలంగాణ అడ్తి లైసెన్సుతో ఆంధ్రా యార్డులో మిర్చి అమ్మించవచ్చా?

మీరు అడిగింది ఇదీ: తెలంగాణలో మిర్చి అడ్తి (రైతుల సరుకు కమీషన్‌కు అమ్మించే) లైసెన్సు ఉంది, ఆంధ్రాలో ఒక యార్డులో కూడా రైతుల సరుకు పాటకు పెట్టి కమీషన్ వ్యాపారం చేద్దామనుకుంటున్నాం, ఉన్న లైసెన్సు సరిపోతుందా అని. సరిపోదు. ఈ ముక్క తెలుసుకోవడానికి మా నాన్నకు ఒక లారీ వెయిటింగు చార్జీ, ఒక రాత్రి నిద్ర ఖర్చయ్యాయి.

మాది ఖమ్మం జిల్లా, ఆంధ్రా సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఊరు. రాష్ట్రం విడిపోయాక వచ్చిన మొదటి మిర్చి సీజను, 2015 మార్చి. అవతల ఒక పెద్ద యార్డులో (పేరెందుకు లెండి) తేజ రకం మిర్చికి క్వింటాకు మూడు వందలు ఎక్కువ పలుకుతోందని కబురొచ్చింది. మా దగ్గర పెట్టుబడి తీసుకున్న రైతులు ఆరుగురు అటు పోదామన్నారు. నాన్న అడ్డం చెప్పలేదు కానీ, "మనకే లైసెన్సు ఉండగా అక్కడివాడికి కమీషన్ ఎందుకు, మనమే పెట్టి మనమే అమ్ముదాం" అన్నారు. లైసెన్సు కాగితాన్ని ప్రత్యేకంగా లామినేషన్ చేయించి, 110 బస్తాలు లారీకెత్తించి బయలుదేరాం.

గేటు దగ్గరికి వెళ్ళేసరికి రాత్రి పదకొండు. గుమస్తా తలెత్తకుండానే "కొట్టు నంబరు?" అన్నాడు. నాన్న లామినేషన్ కాగితం ఇచ్చారు. ట్యూబులైటు వెలుగు దాని మీద పడి మెరుస్తుంటే అతను అటూ ఇటూ తిప్పి చదివి, "ఇది మీ మార్కెట్ కమిటీ ఇచ్చింది కదండీ, ఇక్కడ చెల్లదు" అన్నాడు. నాన్న వేలుపెట్టి చూపించారు. "పైన చూడు బాబూ. ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం, 1966. మీ చట్టమే కదా!" కాగితం పాతది కాబట్టి మాటైతే నిజమే.

అతను నవ్వలేదు. "చట్టం ఒకటే పెద్దాయనా, కమిటీ వేరు. రాష్ట్రం విడిపోకముందు వచ్చినా ఇదే చెప్పేవాణ్ణి."

దారి పొడుగునా విభజనను తిడుతూ వచ్చిన మనిషి ఆ మాటతో చప్పబడిపోయారు. ఏ కమిటీ పరిధిలో వ్యాపారం చేస్తే ఆ కమిటీ లైసెన్సు తీసుకోవాలన్నది ఆ చట్టంలో మొదటి నుంచీ ఉన్న సంగతే. ఇరవై ఏళ్ళు ఒకే మార్కెట్‌లో కూర్చున్నవాళ్ళకు అది గుర్తుండదు. పొద్దున మా దూరపు చుట్టం కొట్టు వెతుక్కుని, ఆయన పేరు మీదే సరుకు దింపాం. హమాలీ బస్తా మూతి కోస్తే కొనేవాడు గుప్పెడు తీసి, ఒక కాయ విరిచి, తాలు ఎక్కువుందని పెదవి విరిచాడు. కమీషన్, హమాలీ, వెయిటింగు అన్నీ పోగా ఆ మూడు వందల్లో మిగిలింది టిఫిన్లకు సరిపోయింది. తిరిగొచ్చేటప్పుడు ఒక ముసలి రైతు అమాయకంగా అడిగాడు, "షావుకారూ, మరి ఆ కాగితం దేనికి తెచ్చినట్టు?" అని.

ఇప్పుడు పరిస్థితి కొంచెం మారింది. 2016 ఏప్రిల్ 14న కేంద్రం వాళ్ళ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్ మొదలైనప్పుడు, అందులో చేరే రాష్ట్రాలు మూడింటికి ఒప్పుకోవాలన్నారు: రాష్ట్రమంతా చెల్లే ఒకే లైసెన్సు, ఒకసారే మార్కెట్ ఫీజు, ఎలక్ట్రానిక్ వేలం. గమనించండి, "రాష్ట్రమంతా" అనే అన్నారు. మార్కెట్లు, సంతలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని విషయం, 28వ అంశం. సరిహద్దు దాటితే మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఫీజు. అక్కడ కొట్టు తెరిచి సొంతంగా కొని మీ పేరున బిల్లు వేస్తే జీఎస్టీ కూడా అక్కడిదే ఉండాలి, 36తో మొదలయ్యే మీ నంబరు పనికిరాదు, 37 కావాలి. రెండు రాష్ట్రాల్లో వ్యాపారమంటే ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళు హెడ్డాఫీసుకు సెంట్రల్ లైసెన్సు అడుగుతారు, కొట్టుకు మళ్ళీ వేరే. ఆన్‌లైన్ అంటారు గానీ అప్‌లోడ్ చేసిన ప్రతి కాగితం జిరాక్సు మళ్ళీ చేతికిమ్మంటారు. జిరాక్సు షాపువాడు తప్ప ఎవరూ బాగుపడరు ఇందులో.

పాన్ కార్డుంటే చాలని ఎవరైనా అంటే నమ్మకండి. అది 2020 వ్యవసాయ చట్టం మాట. అప్పుడైనా యార్డు బయట కొనుక్కోవడానికే, లోపల కాదు. మా బావమరిది దాన్ని నమ్ముకుని రెండు రాష్ట్రాల పేర్లతో విజిటింగ్ కార్డులు కొట్టించాడు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఆపేసింది, ఆ ఏడాది చివరికి చట్టమే రద్దయింది. కార్డుల వెనకవైపు ఇప్పుడు పాల లెక్క రాసుకుంటున్నారు.

నాకు మండేది ఒక్కటే. వర్జీనియా పొగాకు చూడండి. గుంటూరులో కూర్చున్న పొగాకు బోర్డు కర్ణాటకలో 1984 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి తానే వేలం వేయిస్తోంది. కొనేవాడు ఆ బోర్డులో రిజిస్టరు చేసుకుంటాడు. ఏలకులకు స్పైసెస్ బోర్డు ఉంది. కేరళ పుట్టడిలో, తమిళనాడు బోడినాయకనూరులో ఏలకుల పాట పెట్టే వేలందారుకు లైసెన్సు ఇచ్చేది అదే. మిర్చి కూడా ఆ స్పైసెస్ బోర్డు సరుకే, కానీ మిర్చి వేలం జోలికి మాత్రం రాదు. ఆరోగ్యానికి హానికరమని పెట్టె మీద బొమ్మ వేసి అమ్మే సరుకుకు ఉన్న సదుపాయం కూరలో వేసుకునేదానికి లేదు. మిర్చికి కూడా ఒకే కేంద్ర లైసెన్సు పెడితే ఈ గోల ఒక్క సీజనులో తీరిపోతుందని నా లెక్క.

మీరు మాత్రం దరఖాస్తు కన్నా ముందు ఆ యార్డులో కొట్టు అద్దెకు దొరుకుతుందా కనుక్కోండి. లైసెన్సు ఎలాగో తిప్పలుపడి తెచ్చుకోవచ్చు, సీజనులో కొట్టు దొరకదు. గేటు దగ్గర వాళ్ళు అడిగేది ముందు దాని నంబరే.