బోరులో పెట్రోల్ వాసన: మీ కేసు ఆ పాత ట్యాంకు మీదే నిలబడుతుంది

సందేహం: నల్లగొండ జిల్లాలో హైవే పక్కన మాకు మూడెకరాల బత్తాయి తోట ఉంది, ఆనుకునే పెట్రోల్ బంకు. 2021 ఆగస్టులో మా బోరు నీళ్లలో మొదటిసారి పెట్రోల్ వాసన వచ్చింది, అప్పుడే తహసీల్దార్‌కి అర్జీ పెట్టాం, ఎవరూ పట్టించుకోలేదు. చెట్లు ఎండిపోయాయి, అమ్మకి ఒంటి నిండా దద్దుర్లు, అడగడానికి వెళ్తే బంకు ఓనరు మా నాన్నని అందరి ముందు తిట్టాడు. మొన్న సంక్రాంతి అయ్యాక బంకు వారం మూసేసి జేసీబీతో పాత ట్యాంకు తీసి కొత్తది వేశారు. మినరల్ వాటర్ బాటిల్‌లో నీళ్లు పట్టుకెళ్లి టెస్ట్ చేయిస్తే బాగానే ఉన్నాయని రిపోర్టు ఇచ్చారు, అదీ జత చేశాం. శాంపిల్‌లో కాస్త పెట్రోల్ కలిపి మళ్లీ పంపిద్దామని మా బావమరిది అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీ నాన్నగారికి జరిగిన అవమానంతో ఈ కేసు గెలవరు. గెలిపించేది మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన విషయం, పాత ట్యాంకు తీసి కొత్తది వేశారు అన్నది. బాగున్న ట్యాంకుని వారం రోజులు వ్యాపారం ఆపుకుని ఎవరూ తవ్వి తీయరు. అయితే అది అనుమానమే, రుజువు కాదు, రుజువుగా మార్చుకోవడమే ఇప్పుడు మీ పని.

ఎందుకంటే పర్యావరణ కేసులు వినే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఇలాంటి కేసుల్లో బంకు వాళ్ల నిర్లక్ష్యం మీరు నిరూపించక్కర్లేదు, కానీ మీ బోరులోకి వచ్చిన పెట్రోల్ ఆ బంకుదే అని మాత్రం చూపించాలి. అవతలి లాయర్ మొదట అడిగేది అదే, రోడ్డవతల మెకానిక్ షెడ్డు లేదా, మీ తోటలో డీజిల్ ఇంజిన్ లేదా అని. పెట్రోల్‌లో ఉండేవి తేలిక హైడ్రోకార్బన్లు, డీజిల్‌లో బరువైనవి, రసాయనాలని విడదీసి గ్రాఫ్‌గా చూపించే గ్యాస్ క్రొమటోగ్రఫీ టెస్టు చేస్తే ఏది ఏదో తేలిపోతుంది కాబట్టి ఆ ప్రశ్నకి జవాబు ల్యాబ్‌లోనే ఉంది.

కానీ మీరు చేయించిన టెస్టు అది కాదు. మీ రిపోర్టులో ఉన్నది పీహెచ్, టీడీఎస్, హార్డ్‌నెస్, ఫ్లోరైడ్. నల్లగొండ కాబట్టి అందరూ ఫ్లోరైడ్ చూపించుకుంటారు, సరే, కానీ పెట్రోల్ వాసన వస్తోందని వెళ్లి, పెట్రోల్‌లో ఉండే విష రసాయనం బెంజీన్ చూడమని అడక్కుండా వచ్చేస్తే ఎలాగండీ? తాగే నీళ్లలో బెంజీన్ లీటరుకి 10 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మీ రిపోర్టులో ఆ పేరే లేదు. పైగా ఆ కాగితం పట్టుకుని అవతలివాళ్లు నీళ్లు బాగున్నాయని మీరే ఒప్పుకున్నారు అంటారు.

శాంపిల్ కూడా మినరల్ వాటర్ బాటిల్‌లో పట్టుకెళ్లానన్నారు. బెంజీన్ గాల్లోకి ఎగిరిపోతుంది. 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో అంచుదాకా నింపి మూత పెట్టాలి, తలకిందులు చేస్తే ఒక్క బుడగ కూడా కనపడకూడదు, ఐస్‌లో పెట్టి పంపాలి. టెస్ట్ చేసే ల్యాబ్‌కి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే చాలదు, బెంజీన్, టోలుయీన్, జైలీన్ టెస్టులు ఆ గుర్తింపులో ఉన్నాయో లేదో ముందే అడగండి.

ఇక మీ బావమరిది సలహా. ఆ పని పొరపాటున కూడా చేయొద్దు. దొంగ సాక్ష్యం తయారుచేయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 228 కింద నేరం, కోర్టు కేసు కోసం చేస్తే సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. పట్టుబడరా అంటే తప్పకుండా పడతారు, నేలలో ఏళ్లు ఉన్న పెట్రోల్‌లో తేలికైనవి ముందే పోయి ఉంటాయి, నిన్న బంకులో కొన్న పెట్రోల్‌లో అవన్నీ ఉంటాయి, గ్రాఫ్ చూసిన కెమిస్ట్ ఇట్టే చెప్తాడు. అప్పుడు నిజంగా చెడిపోయిన మీ బోరు కేసు కూడా ఆ ఒక్క సీసాతో పోతుంది.

గడువు సంగతి. గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద వివాదం పెట్టడానికి ఆరు నెలలే, అది ఎప్పుడో పోయింది. నష్టపరిహారం, నేల నీళ్లు శుభ్రం చేయించడం సెక్షన్ 15 కింద, దానికి ఐదేళ్లు. లెక్క మొదలయ్యేది సమస్య మొదటిసారి వచ్చిన రోజు నుంచి, మీ తహసీల్దార్ అర్జీయే ఆ తేదీ చెప్తుంది, అంటే 2026 ఆగస్టుతో సరి. సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇవ్వొచ్చు, దాని మీద ఆశ పెట్టుకోకండి. వాసన ఇప్పటికీ వస్తోంది కదా అనే వాదన కూడా నమ్ముకోవద్దు, చట్టంలో మాట మొదట తలెత్తిన తేదీ అనే ఉంది. ఊళ్లో సివిల్ కోర్టులో వేద్దామన్నా ట్రిబ్యునల్ ఇవ్వగల పరిహారం విషయంలో సెక్షన్ 29 అడ్డొస్తుంది.

ఈ వారమే పొల్యూషన్ కంట్రోల్ బోర్డు రీజినల్ ఆఫీసుకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, బంకు వాళ్ల ముందే శాంపిల్ తీసి సీల్ వేసి ఇద్దరి సంతకాలు పెట్టించమని అడగండి. బావి నీళ్ల శాంపిల్ తీసే అధికారం బోర్డుకి నీటి కాలుష్య చట్టం, 1974 సెక్షన్ 21 ఇస్తుంది. మీ బోరు ఒక్కటే కాదు, చుట్టుపక్కల కనీసం మూడు బోర్ల నీటిమట్టం కొలవమనండి, అప్పుడే భూగర్భజలం ఏ దిక్కుకి పారుతోందో తెలుస్తుంది. మీ దగ్గరున్నది గ్రానైట్ నేల, నీళ్లు బండ పగుళ్ల వెంట పోతాయి, కాబట్టి బంకుకి దగ్గరున్న బోరు బాగుండి దూరంగా ఉన్నది చెడిపోవచ్చు కూడా.

ట్యాంకు మార్చాలంటే పెట్రోలియం లైసెన్సు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో అనుమతి కావాలి. కాబట్టి పాత డ్రాయింగ్, కొత్త అనుమతి, ట్యాంకు టెస్ట్ సర్టిఫికెట్ పెసోని ఆర్టీఐలో అడగండి, పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బంకు ప్రభుత్వ ఆయిల్ కంపెనీదైతే ఆ కంపెనీని కూడా ఆర్టీఐలోనే అడగండి, పాత ట్యాంకు ఎందుకు తీశారు, ఎక్కడికి పంపారు, గుంతలో మట్టి టెస్ట్ చేశారా, రోజువారీ డిప్ రీడింగుకి (ట్యాంకులో కడ్డీ ముంచి కొలిచే నిల్వ) అమ్మకానికి తేడా ఎంత వచ్చింది అని. దాంతో పాటే లాయర్ ద్వారా కంపెనీకి, డీలర్‌కి నోటీసు ఇవ్వండి, ఈ రికార్డులు చెరిపేయొద్దని. జేసీబీ నడిపిన కుర్రాడు మీ ఊరివాడే అయితే అతని మాట ఇప్పుడే రాసిపెట్టుకోండి.

పిటిషన్ చెన్నైలో ట్రిబ్యునల్ సదరన్ బెంచ్‌కి, ఈ-ఫైలింగ్ ఉంది. 2013లో చెన్నై తొండియార్‌పేట బోర్లలో ఇంధనం తేలితే ఆ కేసు విన్నదీ అదే బెంచ్. డీలర్ ఒక్కడినే పెట్టకండి, చాలా బంకుల్లో ట్యాంకులు ఆయిల్ కంపెనీవే, అసలు బాధ్యత పడాల్సింది అక్కడ. అడిగే పరిహారంలో ఒక శాతం ఫీజు, కనీసం వెయ్యి, దారిద్ర్యరేఖకి దిగువన ఉంటే లేదు. కోటి అడిగి లక్ష కట్టేకన్నా చచ్చిన చెట్లు, ట్యాంకర్ నీళ్లు, అమ్మగారి మందుల బిల్లులు కూడి ఎంతయితే అంతే అడగండి. పిటిషన్‌తో పాటే కలెక్టర్, బోర్డు అధికారులతో జాయింట్ కమిటీ వేసి మట్టి శాంపిల్ కూడా తీయించమని మధ్యంతర దరఖాస్తు పెట్టండి, కొత్త ట్యాంకు చుట్టూ కాంక్రీట్ పోసేసినా కింద మట్టి ఇంకా అక్కడే ఉంది.

అప్పటిదాకా ఆ నీళ్లు తాగొద్దు, వంటకి వద్దు, వాసన చూపించడానికని బోరు దగ్గర అగ్గిపుల్ల గీసి వీడియోలు తీయొద్దు. ఇదివరకు తీసినవి ఉంటే ఆ ఫోన్ అలాగే దాచండి, పిటిషన్ వేసేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి.