పాత పిస్తోలుకు విలువ కట్టే ముందు: దయచేసి మెరుగు పెట్టించకండి

మీ తాతగారి పెట్టెలో ఒక చెకుముకి పిస్తోలు (చెకుముకి రాయి రవ్వతో పేలేది) దొరికిందనీ, దాని మీద కిరీటం గుర్తూ ‘టవర్’ అనే అక్షరాలూ ఉన్నాయనీ, తుప్పు తీయించి మెరుగు పెట్టిస్తే ఎంత పలుకుతుందనీ అడిగారు. ఇలాంటివి ఇంకా సేకరించాలనుందని కూడా రాశారు. పద్దెనిమిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ముందుగా ఒక్క మాట. ఆ మెరుగు ఆలోచన ఇప్పుడే మానేయండి. మిగతావన్నీ తర్వాత.

నేను కొన్న మొదటి పిస్తోలు అరచేతిలో పట్టేంత చిన్నది, ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పరీక్షించి ముద్ర వేసినది. ఎనిమిది పలకల గొట్టం, ఒంటి నిండా గోధుమ రంగు పొర. ఆ పొర మురికి అనుకున్నాను. రెండు సాయంత్రాలు కూర్చుని గరుకు కాగితంతో రుద్ది, ఇత్తడి సామాన్లకు వాడే పాలిష్ పెట్టి తళతళలాడేలా చేశాను. తర్వాత ఒక పెద్దాయనకు చూపించాను. నలభై ఏళ్ల పైన సేకరణ చేసిన మనిషి. ఆయన దాన్ని కిటికీ వైపు తిప్పి, గొట్టం పలకల మీద బొటనవేలితో మెల్లగా రాసి, “అంచులు ఎక్కడికి పోయాయి?” అన్నారు. తన దగ్గరున్న అలాంటిదే తీసి నా చేతిలో పెట్టారు. రంగు నల్లగానే ఉంది గానీ ప్రతి అంచూ వేలికి గీసుకునేంత పదునుగా తగిలింది. ఆ పరీక్ష ముద్రలో కిరీటం కింద అడ్డంగా ఉన్న రెండు రాజదండాలు, వాటి పక్కన అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. నా పిస్తోలు మీద అదే చోట చిన్న గుంట మాత్రం మిగిలింది. నేను పెట్టిన డబ్బులో మూడో వంతు కూడా రాదని ఆయన చాలా మెత్తగా చెప్పారు. ఆ పిస్తోలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎవరైనా పాలిష్ మాట ఎత్తితే ముందు దాన్నే చూపిస్తాను.

రెండో మాట ఇంకా ముఖ్యం. ఆ పిస్తోలు ఖాళీగా ఉందో లేదో చూశారా? మూతి నుంచి మందు కూరే పాత ఆయుధాలు లోపల మందూ గుండూ ఉండగానే దశాబ్దాల పాటు పెట్టెల్లో ఉండిపోవడం మామూలే. ఆ నల్ల తుపాకీమందు అంటే సురేకారం, గంధకం, బొగ్గు. తడి తగలకపోతే వందేళ్లు దాటినా అది చచ్చిపోదు. మూతి ఎవరి వైపూ లేకుండా పెట్టి, హ్యామర్‌ను (ట్రిగ్గర్ నొక్కితే ముందుకు పడే భాగం) కదపకుండా, ఒక సన్నని చెక్కపుల్లను గొట్టంలోకి మెల్లగా దించండి. ఆగిన చోట మూతి దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టండి. బయటికి తీసి అదే గీతను మూతికి ఆనించి గొట్టం పక్కన పట్టుకుని చూడండి. పుల్ల కొస, గొట్టం వెనక పక్కనున్న నిప్పు రంధ్రం (మందుకు నిప్పు చేరే చిన్న రంధ్రం) దాకా వస్తే ఖాళీ అన్నమాట. అంతకంటే అంగుళమో రెండంగుళాలో ముందే ఆగిపోతే లోపల ఏదో ఉంది. అప్పుడు గెలకవద్దు, పొడవవద్దు. పాత ఆయుధాలు తెలిసిన గన్‌స్మిత్ దగ్గరే తీయించండి.

ఇక విలువ. కొత్తవాళ్లు మొదట వయసు అడుగుతారు, తర్వాత ‘అరుదైనదేనా’ అంటారు. నిజానికి ఈ రెండూ ధరను నిలబెట్టేవి కావు. ఏదో చిన్న ఊళ్లో ఒక పనివాడు జీవితంలో పది పిస్తోళ్లు చేసి ఉంటే అవి చాలా అరుదు, కానీ వాటి కోసం పోటీ పడేవాళ్లు ఉండకపోవచ్చు. అమెరికాకు చెందిన కోల్ట్ కంపెనీ 1851 నేవీ అనే రివాల్వర్‌ను అక్కడి ఒక్క హార్ట్‌ఫర్డ్‌లోనే రెండు లక్షలకు పైగా చేసింది. అయినా మంచి స్థితిలో ఉన్నది బయటికొస్తే పోటీ ఉంటుంది. అదే కంపెనీ 1847 వాకర్ మోడల్ సుమారు 1,100 మాత్రమే. అక్కడ తక్కువ సంఖ్యా, కావాలనుకునేవాళ్లూ రెండూ కలిశాయి కాబట్టే 2018లో ఒక వాకర్ వేలంలో 18 లక్షల డాలర్లు దాటింది.

నేను చేతిలోకి తీసుకోగానే చూసేది ఒక్కటే: ఇది తయారైన రోజు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉందా, లేక ఎవరైనా చెయ్యి పెట్టారా? దానికి మొదటి సాక్షి స్క్రూలు. స్క్రూ తల మీది గాడి చితికిపోయి, అంచులు లేచి ఉంటే ఎవరో సరైన పనిముట్టు లేకుండా విప్పారన్నమాట. విప్పారంటే ఎందుకు విప్పారో వెతకాలి. తర్వాత చెక్కా లోహమూ కలిసే చోటు చూస్తాను. కాలంతో పాటు చెక్క ఎండి కొంచెం కుంచించుకుంటుంది గానీ, లోహం కంటే చెక్క బాగా లోపలికి పోయి ఉంటే ఎవరో గీకి ఉండాలి. గొట్టం మీద తుప్పు గుంటలున్నాయి, వాటి మధ్య ముద్ర మాత్రం కొత్తగా, పదునుగా ఉంది అంటే ఆ ముద్ర తుప్పు తర్వాత పడిందే.

అమెరికాలో ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) పాత ఆయుధాలకు పెట్టిన స్థాయిలు చాలామంది వాడతారు. అందులో ‘ఎక్సలెంట్’ అనాలంటే అన్ని భాగాలూ అసలువి అయి ఉండి, అసలు పూత 80 శాతం పైన మిగిలి ఉండాలి. ‘ఫైన్’కు 30 శాతం దాటితే చాలు. అంటే పూతలో సగం పోయినా అది మంచి వస్తువే. కొత్తగా పూత వేయిస్తే మాత్రం ఆ లెక్కలోనే ఉండదు.

చెకుముకి పిస్తోళ్లలో ఇంకో చిక్కుంది, అందులో నేనే డబ్బు పోగొట్టుకున్నాను. అలెగ్జాండర్ ఫోర్సిత్ 1807లో పేలుడు రసాయనంతో నిప్పు పుట్టించే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లకు చిన్న రాగి టోపీలు వచ్చాయి. దాంతో రంజకం (ముందుగా నిప్పంటుకునే కొంచెం మందు) పోసే పళ్లెం, చెకుముకి రాయి అవసరం లేకుండా పోయింది. 1820ల నుంచి 1840ల దాకా సైన్యాలూ సొంతదారులూ తమ పాత చెకుముకి పిస్తోళ్లను టోపీ పద్ధతికి మార్పించుకున్నారు. అది ఆ కాలపు మార్పు, దానికీ చరిత్ర ఉంది. కానీ సేకరించేవాళ్లు చెకుముకి రూపానికే ఎక్కువ ఇస్తారని తెలిశాక, కొందరు వాటిని మళ్లీ వెనక్కి మార్చడం మొదలుపెట్టారు. ఒక డీలర్ నాకు అలాంటిదే ‘అసలు చెకుముకి’ అని అమ్మాడు. ఇంటికొచ్చి ఎండలో పక్కకు వంచి చూస్తే, నిప్పు రంధ్రం చుట్టూ ఉంగరంలా వేరే రంగు ఉక్కు కనిపించింది. లాక్‌ప్లేటు (పేల్చే యంత్రాంగాన్ని బిగించిన పక్క రేకు) మీద పూడ్చిన రెండు రంధ్రాలు తేలాయి. హ్యామర్ మీది నగిషీ లోతుగా, కొత్తగా ఉంది, ప్లేటు మీదిదేమో అరిగిపోయి ఉంది. అంటే ఒకసారి టోపీకి మార్చి, మళ్లీ వెనక్కి మార్చినదే. రెండేళ్ల తర్వాత ఆ విషయం చెప్పే అమ్మాను, సగం డబ్బే వచ్చింది. అప్పటి నుంచి దీపం వెలుగులో చూసి ఏదీ కొనలేదు.

మీ ‘టవర్’ సంగతికి వస్తాను. ఇది లండన్ టవర్‌లోని ఆయుధాగారానికి సంబంధించిన ముద్ర. బ్రిటిష్ సైన్యానికీ నౌకాదళానికీ చేసిన లాక్‌ల (పేల్చే యంత్రాంగాల) మీద ‘టవర్’ అన్న మాట, కిరీటం, దాని కింద రాజు పేరు పొడి అక్షరాలు (జార్జి రాజుల కాలమైతే జి.ఆర్.) ఉంటాయి. అయితే ప్రపంచంలో ఎక్కువగా నకలు చేసిన ముద్రల్లో ఇదొకటి. గోడకు తగిలించుకునే అలంకారపు పిస్తోళ్ల మీద కూడా ఇదే కొడతారు. అందుకే ఆ మాట ఒక్కటే చూసి సంతోషపడకండి, కంగారూ పడకండి. ప్రభుత్వపు అసలు లాక్ మీద కిరీటం కింద వెడల్పాటి బాణం గుర్తు చిన్నగా ఉండాలి, అది తనిఖీ ముద్ర. గొట్టం మీద విడిగా ప్రూఫ్ (గొట్టం పరీక్ష) ముద్రలుండాలి. భూతద్దంతో అక్షరాల అంచులు చూడండి. చెక్కినవో, ఉక్కు అచ్చుతో కొట్టినవో అయితే గాడి అడుగు పదునుగా ఉంటుంది. మొత్తం పోతపోసినదైతే అక్షరాలు సబ్బు మీద రాసినట్టు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ వాటికైతే వేరే గుర్తులు. మొదట హృదయాకారపు ముద్ర, 1808 ప్రాంతం నుంచి వెనక కాళ్ల మీద నిలబడ్డ సింహం.

ప్రూఫ్ ముద్రలు చదవడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. గొట్టంలో ఎక్కువ మందు వేసి పేల్చి, పగలకపోతే కొట్టే ముద్రలివి. లండన్ గన్‌మేకర్స్ కంపెనీది కిరీటం కింద ‘వి’, కిరీటం కింద ‘జి.పి.’. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో చట్టం ద్వారా వచ్చింది. బెల్జియంలో లియేజ్ నగరపు ముద్ర అండాకారంలో ‘ఈ.ఎల్.జి.’ అక్షరాలు. దాని పైన కిరీటం ఉంటే 1893 తర్వాతది, లేకపోతే అంతకు ముందుది. ఒక్క చిన్న కిరీటంతో కాలం తేలిపోతుంది! ఇటలీలో చేసిన ఆధునిక నకళ్ల మీద నల్ల తుపాకీమందు కోసం ‘పి.ఎన్.’ ముద్ర, చిన్న పెట్టెలో సంవత్సరపు కోడ్ ఉంటాయి. ఆ నకళ్లకు రసాయనాలు పూసి పాతబెట్టి అమ్మేవాళ్లు ముందుగా ఆకురాయి పెట్టేది వీటి మీదే. ముద్ర ఉండాల్సిన చోట అరగదీసిన పల్లం కనిపిస్తే డబ్బు జేబులోంచి తీయకండి.

గొట్టం మీది పేరును అసలే నమ్మొద్దు. ఇటలీలోని గార్డోనేకు చెందిన గొట్టాల పనివాడు లాజరీనో కొమినాజో పేరు ఎంత గొప్పదంటే, ఇతర చోట్ల చేసిన గొట్టాల మీద కూడా ఆ పేరు చెక్కేవాళ్లు, అదీ తప్పుల అక్షరాలతో. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ చేసిన చిన్న జేబు పిస్తోలుతోనే 1865లో అమెరికా అధ్యక్షుడు లింకన్‌ను కాల్చారు. హెన్రీ పేరు వాడుకోవడానికి పోటీదారులు జాన్ డెరింజర్ అనే ఒక దర్జీని పట్టుకుని, ఆ దర్జీ పేరుతో పిస్తోళ్లు అమ్మారు. ఆ నకళ్లకు కూడా ఇప్పుడు నూట యాభై ఏళ్ల పైనే వయసు. వాటినీ సేకరిస్తారు, కాకపోతే ధర వేరు.

కోల్ట్ లాంటివైతే నంబర్లు కలుస్తున్నాయో లేదో చూడాలి. 1851 నేవీలో ఫ్రేమ్, గొట్టం, ట్రిగ్గర్ గార్డు, పిడి పట్టీ, సిలిండర్ (గుళ్లు పట్టే, తిరిగే భాగం) అన్నింటి మీదా అదే సీరియల్ నంబరు ఉండాలి. గొట్టాన్ని బిగించే చిన్న మేకు మీద కూడా ఉంటుంది. చాలా వాటిలో పోయేది ఆ మేకే. సిలిండర్ చుట్టూ 1843 నాటి నౌకా యుద్ధం బొమ్మ ఉంటుంది. ఓడల తెరచాపలు ఇంకా కనిపిస్తుంటే ఆ రివాల్వర్‌ను ఎక్కువ రుద్దలేదని అర్థం.

ఇక కథలు. “ఇది ఫలానా దొరదట”, “ఫలానా యుద్ధంలో వాడారట” అనే మాటకు, కాగితం లేకపోతే నేను ఒక్క రూపాయి కూడా కలపను. కాగితం ఉంటే మాత్రం ఆకాశమే హద్దు. ఫ్రెంచ్ సేనాని లఫాయెత్ అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌కు ఇచ్చిన పిస్తోళ్ల జత తర్వాత మరో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ చేతికి, ఆయన తర్వాత తిరిగి లఫాయెత్ కుటుంబానికి చేరింది. ఆ దారి అంతా తెలుసు కాబట్టే 2002లో క్రిస్టీస్ వేలంలో సుమారు 20 లక్షల డాలర్లు పలికింది. అమెరికా బందిపోటు బిల్లీ ద కిడ్‌ను షెరీఫ్ ప్యాట్ గారెట్ కాల్చిన కోల్ట్, 2021లో వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. అలాంటి మోడల్ మామూలుది అందులో చిన్న వంతు కూడా రాదు. కాబట్టి మీ తాతగారి పెట్టెలోని పాత ఉత్తరాలు, రసీదులు, లైసెన్సు కాగితాలు, పిస్తోలుతో ఉన్న ఫోటో, ఏదీ పారేయకండి. ఆ పెట్టె కూడా ఉంచండి. మందుబుడ్డి, గుండ్లు పోసే అచ్చు దొరికితే విడదీయకండి.

ధర తెలుసుకోవడానికి అమ్మకానికి పెట్టిన ధరలు చూడకండి, ఎంతైనా అడగొచ్చు. పెద్ద వేలం సంస్థలు పాత అమ్మకాల ఫలితాలు తమ వెబ్‌సైట్లలోనే ఉంచుతాయి. అలాంటి పిస్తోలే, అదే స్థితిలో ఉన్నవి నాలుగైదు వెతికి, నిజంగా అమ్ముడైన ధర చూడండి. అందులో కొన్నవాడు వేలం సంస్థకు కట్టిన రుసుమూ కలిసి ఉంటుంది, అమ్మినవాడి చేతికి అంత రాదు. బీమా కోసం కట్టే విలువ ఇంకా ఎక్కువ చూపిస్తుంది, డీలర్ ఇచ్చేది అన్నింటికంటే తక్కువ. ఇవన్నీ వేర్వేరు లెక్కలు కాబట్టి, విలువ కట్టేవాళ్లను ‘ఏ లెక్కన?’ అని ముందే అడగండి. విలువ కట్టే మనిషే కొంటానంటే అక్కడితో ఆపేయండి.

చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అమెరికా ఫెడరల్ చట్టంలో 1898 వరకు తయారైనవి పురాతనమైనవి. వేరే చోట్ల అదే పిస్తోలుకు అనుమతి కావాల్సి రావచ్చు. అమ్మడానికో పంపడానికో ముందే కనుక్కుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

అప్పటిదాకా చేయాల్సింది కొంచెమే. నూలు చేతి తొడుగులు వేసుకుని పట్టుకోండి, వేళ్ల చెమటలోని ఉప్పు లోహాన్ని తింటుంది. మెత్తని గుడ్డ మీద రెండు చుక్కల సన్న నూనె వేసి లోహం మీద మాత్రం అద్దండి, రుద్దవద్దు. తోలు సంచిలో పెట్టకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. చెక్కకు నూనె వద్దు. స్క్రూ ఒక్కటి కూడా విప్పకండి.

తర్వాత పగటి వెలుగులో, నీడ పట్టున నాలుగు ఫోటోలు తీయండి: లాక్‌ప్లేటు మొత్తం, ‘టవర్’ అక్షరాలు దగ్గరగా, గొట్టం వెనక భాగం పైనుంచి, నిప్పు రంధ్రం చుట్టూ. గొట్టం పొడవు, మూతి వెడల్పు కొలిచి రాయండి. బాణం గుర్తు ఉందో లేదో ముందు దాన్నే చూసి చెబుతాను.