గోడ కడితే మా ఊరు నిలుస్తుందా మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ నమస్కారం. మాది ఒడిశాలో గంజాం జిల్లా, ఋషికుల్య ఏరు సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో తెలుగు జాలర్ల ఊరు. మా తాత రోజుల్లో ఇళ్లకీ సముద్రానికీ మధ్య వలలు ఆరేసుకునే జాగా, దాని వెనక సరుగుడు తోట ఉండేవంట. ఇప్పుడు తోట లేదు, మొదటి వరస ఇళ్లు లేవు, మంచినీళ్ల బావి చుట్టూ ఇసకంతా కొట్టుకుపోయి సిమెంటు ఒరలు మాత్రం ఒడ్డున ఒంటరిగా నిలబడున్నాయి, పున్నమి పోటుకి అల వాటిని దాటి వస్తోంది. రాళ్ల గోడ కట్టించమని ఊరంతా కలిసి అర్జీ పెడదామంటున్నారు, ముసలోళ్లేమో గంగమ్మకి మొక్కు తప్పామంటున్నారు. గోడ కడితే ఊరు నిలుస్తుందా?
— పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: తమ్ముడూ, గంగమ్మ సంగతి ముసలోళ్లకి వదిలేద్దాం, గోడ అడిగేముందు ఇసక ఎక్కడ ఆగిపోతోందో చూడాలి. మన తూర్పు తీరంలో ఇసక కదలకుండా ఒకచోట పడుండదు, నైరుతి గాలుల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా కొట్టి దాన్ని ఉత్తరానికి నడిపిస్తాయి, ఈశాన్య గాలులప్పుడు కొంత వెనక్కి వస్తుంది, లెక్క తేలేసరికి ఎక్కువ భాగం ఉత్తరానికే పోతుంది. గోపాల్‌పూర్ దగ్గర ఇలా నడిచే ఇసక ఏడాదికి సుమారు పది లక్షల ఘనపు మీటర్లని నిపుణుల అంచనా. ఈ నడకకి అడ్డంగా సముద్రంలోకి రాళ్ల కట్ట, అదే పోర్టుల కోసం వేసే బ్రేక్‌వాటర్, కడితే దక్షిణం పక్కన ఇసక మేట వేస్తుంది, ఉత్తరం పక్కనున్న ఊళ్లకి రావాల్సింది రాదు. కాలవలో పైనోడు నీళ్లు కట్టేసుకుంటే కిందోడి మడి ఎండినట్టు, అంతే!

అలాగని అంతా పోర్టుల మీదే నెట్టేయడం నాకు నచ్చదు, అది సుళువైన మాట. ఋషికుల్య మొగ దగ్గర ఇసక నాలుక పెరుగుతూ మొగని ఉత్తరానికి జరుపుతుంది, మొగ జరిగినప్పుడల్లా ఎదురుగా ఉన్న ఒడ్డు తెగుతుంది. పొడంపేట జనం పాత ఊరు వదిలి కొత్త కాలనీకి పోవడానికి ఇదీ ఓ పెద్ద కారణమే, వాళ్లూ మీలాగే తెలుగు జాలర్లు, మీకు చుట్టరికాలు ఉండే ఉంటాయి, ఓసారి వెళ్లి అడిగి చూడండి. దీనికి తోడు ఏట్లో ఆనకట్టలూ ఇసక లారీలూ ఉన్నాయి కదా, పైనుంచి వచ్చే ఇసకే తగ్గిపోతోంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస పక్కన దాటింది, అసలే సన్నబడ్డ ఒడ్డుని తుఫాను ఒక్క రాత్రిలో ఎంత తినేస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గోడ విషయం. అల రాయిని కొట్టి వెనక్కి మళ్లేటప్పుడు గోడ పాదం దగ్గరి ఇసకని గీరుకుపోతుంది, పాదం లోతయ్యేకొద్దీ రాళ్లు దిగబడతాయి, పైన మళ్లీ రాళ్లు పోయాలి, మళ్లీ బిల్లు పెట్టాలి (కాంట్రాక్టరుకి మాత్రం ఇది బ్రహ్మాండమైన పని). గోడ ముందున్న బీచ్ పోతుంది, తెప్ప ఎక్కడ లాగుతారు, వల ఎక్కడ ఆరేస్తారు? గోడ ఆగిన చోట దాని ఉత్తరం కొస దగ్గర కోత ఎక్కువవుతుంది, అంటే మీ పక్క ఊరోళ్లు మీ గోడకి మూల్యం కడతారు. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఇసక నింపిన పెద్ద పెద్ద గొట్టాలతో, జియోట్యూబ్ అంటారు, గోడ వేశారు, తుఫాన్లకి అవి చిరిగిపోయాయి, అక్కడి జనం ఇప్పటికీ రోడ్డు మీదకొచ్చే అలలతోనే బతుకుతున్నారు. పుదుచ్చేరిలో 1980ల చివర్లో హార్బర్ కట్టలు కట్టాక టౌన్ బీచ్ మాయమైంది, రాళ్లు పోసుకుంటూ పోయారు, కోత ఉత్తరాన జాలరి పల్లెల మీదకి జరిగింది.

మరి ఏం అడగాలంటారా, ఇసక కావాలని అడగండి. కట్ట దక్షిణాన మేటేసినదాన్ని తవ్వి ఉత్తరాన పోయడం కొత్త సంగతేం కాదు, విశాఖ పోర్టు ఏళ్ల తరబడి సాండ్ ట్రాప్‌లో, అంటే ఇసక పట్టే గుంటలో, పడ్డ ఇసకని ఆర్కే బీచ్ మీదకి పంపిస్తోంది. ఒక్కసారి చేసి ఫొటో దిగితే సరిపోదు, ఏటా చెయ్యాలి. మీ అర్జీలో మొదటి లైను ఇదే ఉండాలని నా అభిప్రాయం, అదీ మీ ఒక్క ఊరి పేరు మీద కాకుండా మొగ నుంచి ఉత్తరానికి ఉన్న ఊళ్లన్నీ కలిసి ఒకే కాయితం మీద పెడితే బలం ఉంటుంది, విడివిడిగా పెడితే ఎవడి గోడ వాడికిచ్చి కొట్టుకోమంటారు.

ఇంకోటి, ఈ ఏడు ఎంత పోయిందో నోటితో చెబితే ఆఫీసులో ఎవరూ వినరు. గుడి మూల నుంచో స్కూలు గోడ నుంచో గడ్డి మొలిచే చివరి గీత దాకా టేపుతో కొలవండి, ఏటా అదే నెలలో, అదే పోటు రోజు. వానాకాలంలో కోసుకుపోయిన ఇసక చలికాలానికి కొంత తిరిగొస్తుంది, అందుకని ఆషాఢంలో కొలిచి మాఘంలో కొలిచిందాంతో పోల్చకూడదు, ఎదుటోడు పట్టేసుకుంటాడు. గూగుల్ ఎర్త్‌లో పాత బొమ్మలు దొరుకుతాయి, కాలేజీ పిల్లలెవరైనా ఒక పూటలో తీసిపెడతారు. 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు చూసి దేశం తీరంలో సుమారు మూడో వంతు కోతలో ఉందని కేంద్ర సంస్థ ఎన్‌సీసీఆర్ తేల్చింది, మీ లెక్క దాని పక్కన పెట్టండి. అర్జీ ఒడియాలో రాయించండి, కలెక్టరు సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోకుండా కదలకండి.

ఒడ్డుకీ సముద్రం వైపున్న మీ ఇళ్ల వరసకీ మధ్య జాగా ఇంకా ఉంటేనే ఇదంతా. అలలు గుమ్మంలోకి వచ్చేస్తుంటే మాత్రం ఇసక కోసం కూచోవద్దు, ఊరు కదలడం గురించే మాట్లాడండి, కాకపోతే మీ షరతుల మీద. కేంద్రపడా జిల్లాలో సముద్రం కోసేసిన సాతభాయా నుంచి 571 కుటుంబాలకి బగపటియాలో తలా పది డెసిమల్స్, అంటే పది సెంట్ల, జాగా ఇచ్చి కదిలించారు, అక్కడి పంచుబరాహి అమ్మవార్లని కూడా 2018లో తీసుకొచ్చి పెట్టారు. ఇల్లు దొరికింది గానీ సాగుకి భూమి లేదని వాళ్లు ఇప్పటికీ అడుగుతున్నారు. జాలరికైతే భూమి కన్నా ముందు తెప్ప లాగే రేవు కావాలి, కొత్త కాలనీ నుంచి రేవుకి ఎంత దూరమో, దారి ఎవరిదో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: ఇచ్ఛాపురం దగ్గర స్కూల్లో పనిచేస్తున్నాను మాస్టారూ. పిల్లలతో ఒడ్డున సరుగుడు మొక్కలు నాటించాలని ఉంది, ఉపయోగం ఉంటుందా?
— ఒక టీచరమ్మ

జవాబు: ఉంటుందమ్మా, కానీ అలకి ఎదురుగా ముందు వరసలో సరుగుడు వద్దు. కింద ఇసక జారితే మాను మానే పడిపోతుంది, ఫైలిన్ తర్వాత చూశాం కదా. ముందు వరసకి రావణాసురుడి మీసాలు, బాలబందు తీగ లాంటివి పాకించండి, గాలికొచ్చే ఇసకని పట్టి దిబ్బ కట్టేవి అవే, వాటి వెనక మొగలి, సరుగుడు ఇంకా వెనక్కి. తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డయితే ఆ మేర ఖాళీగా వదిలేయండి, ఋషికుల్య దగ్గర ఆలివ్ రిడ్లీలకి మెత్తటి ఖాళీ ఇసకే కావాలి. పిల్లలకి నేర్పాల్సిందల్లా దిబ్బ మీద నడిచి తొక్కొద్దని, పెద్దోళ్లకి చెప్పాల్సింది ఇల్లు కట్టుకోడానికి ఆ దిబ్బ ఇసక ట్రాక్టర్‌కెత్తొద్దని. రెండోది కష్టం.

ప్రశ్న: నేను పెళ్లయి బరంపురంలో ఉంటున్నాను, అమ్మ ఒక్కతే ఊళ్లో. పోయినేడు వంటిల్లు సముద్రంలోకి పోయింది. పట్టా లేదు గనక ఏమీ రాదని ఆఫీసులో చెప్పి పంపేశారు. నిజమేనా?
— ఒక చెల్లెమ్మ

జవాబు: అమ్మా, అక్కడ రెండు విషయాలు కలిసిపోయాయి. విపత్తు సాయం కోసం కేంద్రం ఒప్పుకున్న విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, వరద ఉంది, మెల్లగా జరిగే కోత లేదు. అందుకని వంటిల్లు తుఫాను రోజుల్లోనే పోయుంటే ఆ తేదీతోనే అర్జీ పెట్టాలి, ఊరికే సముద్రం తినేసిందని రాస్తే పక్కన పడేస్తారు. ఇక కోత గురించి 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి నివారణకి 1,500 కోట్లు, ఊళ్లు కోల్పోయినవాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు విడిగా చెప్పింది, నదుల కోతకీ తీరం కోతకీ కలిపి దేశం మొత్తానికి. అది ఒక్కో ఇంటికి చేతికిచ్చే డబ్బు కాదు, రాష్ట్రం ప్రతిపాదన పంపితే వచ్చేది, అందుకే కోతకి ఇళ్లు పోయినవాళ్ల జాబితాలో అమ్మ పేరు ఎక్కించుకోవడం ముఖ్యం. పట్టా లేకపోయినా ఎన్నాళ్లుగా ఉంటున్నారో చూపే కాయితాలుంటాయి, ఓటరు లిస్టు, కరెంటు బిల్లు, రేషన్ కార్డు, పంచాయతీ రసీదు, అన్నీ జిరాక్స్ తీసి ఒక సెట్టు మీ దగ్గరే బరంపురంలో పెట్టుకోండి, ఆ ఇంట్లో వద్దు. మిగిలిన గదులకి కూడా ఇప్పుడే నాలుగు వైపులా ఫొటోలు తీయించండి.